గాలి నిలవని బండి

ఆ బండి ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. ఒక దొరగారు భార్యతో కలిసి ఊళ్ళు తిరుగుతూ సువార్త చెప్పడానికి చేయించుకున్న ఇల్లు అది. బస్సంత పొడవు. లోపల గోడకి మడిచే మంచాలు రెండు, కిరసనాయిలు స్టవ్వు, చేతులు కడుక్కోవడానికి పింగాణీ తొట్టి, కిటికీలకి పూల తెరలు. దొరసానిగారికి మన ఎండలు పడలేదు. వాళ్ళు వెళ్ళిపోతూ బండిని బందరులోని మా ఆసుపత్రికి వదిలేశారు. మావాళ్ళు ఒక మంచం పీకేసి పరీక్షబల్ల వేశారు, పూల తెరలు తీసి తెల్లగుడ్డలు కట్టారు, మందుల బీరువా బిగించారు. ఊళ్ళల్లో దాన్ని ఇల్లుబండి అనేవాళ్ళు. అరవైల మొదట్లో, నేను నర్సు చదువు పూర్తిచేసిన కొత్తలో, నన్ను ఆ ఇల్లుబండికి వేశారు. సోమవారం బందరులో బయల్దేరితే శనివారం దాకా అందులోనే వంట, అందులోనే వైద్యం, అందులోనే పడక.

బండిలో ముగ్గురం ఉండేవాళ్ళం. డాక్టరమ్మగారు యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, అవసరమైన దానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవారు కాదు. రాత్రుళ్ళు ఆవిడ మంచం మీద, నేను పరీక్షబల్ల మీద పడుకునేవాళ్ళం. మూడో మనిషి డ్రైవరు. ఆయన ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి చర్చి వసారాలో పడుకునేవాడు. పెద్ద యుద్ధంలో ఫిరంగుల దళానికి లారీలు తోలి, తిరిగొచ్చాక ఆసుపత్రిలో చేరాడు. నిటారుగా నడిచేవాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. నేనంటే ఆయనకి గిట్టదు. ఆయనంటే నాకు గిట్టదు.

కారణం బండి కాదు. నేను ఆ ఉద్యోగంలో చేరక ముందే ఆయన తమ్ముడికి నన్ను అడిగారు. తమ్ముడు గుడ్లవల్లేరులో రైసుమిల్లు గుమాస్తా. మొవ్వ దగ్గర మా ఊరికి పెద్దలతో వచ్చి, కాఫీలు తాగి, పెళ్ళయ్యాక పిల్ల ఉద్యోగం చెయ్యకూడదన్నాడు. నేను లోపలిగదిలోంచే "అయితే వద్దులెండి" అన్నాను. మా నాన్న సర్దిచెప్పబోయాడు గానీ అప్పటికే మాట గడప దాటింది. పిల్ల బయటికి రాకుండానే పెళ్ళికొడుకుని పొమ్మందని రెండు ఊళ్ళ పేటల్లోనూ చెప్పుకున్నారు. తమ్ముడు తొందరలోనే ఇంకో సంబంధం చేసుకుని సుఖంగా ఉన్నాడు. అన్నగారు మాత్రం మర్చిపోలేదు.

మా వైపు రక్తసంబంధం లేకపోయినా వరస కలిపి పిలుచుకుంటాం. ఆ లెక్కన ఆయన్ని నేను బావగారూ అనాలి. నేను డ్రైవరుగారూ అనే అన్నాను. ఆయన డాక్టరమ్మగారి ముందు సిస్టరుగారూ అనేవాడు, ఆవిడ లేనప్పుడు నువ్వు అనేవాడు. నేనేదన్నా చెప్తే ముఖం పక్కకి తిప్పుకునేవాడు. ఒళ్ళంతా పొగరే అనుకునేదాన్ని.

పొద్దున్నే బండి మెట్ల దగ్గర ముగ్గురం ప్రార్థన చేసుకునేవాళ్ళం. దేవుడి ముందు కూడా మా పోట్లాట ఆగలేదు. ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా, "ప్రభువా, గర్వించి పెద్దల మాట కాదన్నవాళ్ళ మనసు మార్చు తండ్రీ" అనేవాడు. నా వంతు వచ్చాక నేను, "పగబట్టి కూర్చున్నవాళ్ళ గుండెలు మెత్తన చెయ్యి తండ్రీ" అనేదాన్ని. డాక్టరమ్మగారు ఇద్దరికీ కలిపి ఒకే ఆమెన్ చెప్పి స్టెతస్కోపు తీసుకునేవారు.

ఇక గాలి సంగతి. ఆ బండి బ్రేకులు గాలితో పనిచేసేవి. ఇంజను తిరుగుతుంటే ఒక పంపు గాలిని ఇనప టాంకీలోకి తోస్తుంది. డ్రైవరు బ్రేకు మీద కాలేస్తే ఆ గాలి గొట్టాల్లోంచి చక్రాల దగ్గరికి పరిగెత్తి బండిని ఆపుతుంది. స్టీరింగు ముందు గడియారంలాంటి పలక ఒకటుండేది. అందులో ముల్లు ఎర్రగీత దాటి పైకొస్తే టాంకీ నిండినట్టు. గీత కింద ఉంటే బ్రేకు లేనట్టే. మంచి బండికి రాత్రి నింపిన గాలి పొద్దున్నకీ ఉండాలి. మా బండికి ఉండేది కాదు. పొద్దున్న లేచేసరికి ముల్లు కింద పడుకుని ఉండేది. ఇంజను వేసి చాలాసేపు ఊరికే తిప్పితే గానీ కదలడానికి లేదు. డీజిలు పొగ బండినిండా పట్టేది. రోగులు దగ్గుతూ నిలబడేవాళ్ళు.

ఆ గాలికే ఇంకో పని కూడా పెట్టారు. దొరసానిగారికి చేతులు కడుక్కోవడానికి కుళాయి కావలసి వచ్చిందట. బండి కట్టినవాళ్ళు బ్రేకు టాంకీ నుంచి ఒక సన్నగొట్టం తీసి నీళ్ళ పీపాకి కలిపారు. గాలి నీళ్ళని నెడుతుంది, తిప్పగానే తొట్టిలో ధార పడుతుంది. కాన్పులు చేసేచోట ఆ ధార ఎంత వరమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. డాక్టరమ్మగారు మోచేతులదాకా సబ్బు రుద్దుకుని ఆ కుళాయి కింద చేతులు పెట్టేవారు.

"నా బ్రేకుల గాలి నీ కుళాయి తాగుతోంది" అన్నాడు డ్రైవరు ఒకరోజు.

"నా కుళాయి కాదు, బండి కుళాయి. మీ గొట్టాలే కారుతున్నాయి. ఇంజను ఆపాక బుస్సుమని చప్పుడొస్తోంది, నేను పడుకుని వింటున్నాను" అన్నాను.

"ఏ చప్పుడూ లేదు."

"ఉంది."

"నేను మిలిటరీలో లారీలు తోలినవాణ్ణి. లేదంటే లేదు. నీకు చెవుల్లో భూతాలున్నాయి."

ఆ వారం మేము పామర్రు అవతల ఒక పల్లెలో ఉన్నాం. మధ్యాహ్నం ఒక పిల్లని కాన్పు నొప్పులతో తీసుకొచ్చారు. తొలిచూలు. అంతా సవ్యంగానే జరుగుతోంది, డాక్టరమ్మగారు చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పారు. చుక్క రాలేదు. నేను పీపా తట్టి చూశాను, నిండుగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆయన కాలవగట్టున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకర్థమైంది. బిందె తీసుకుని కాలవ దగ్గరికి పరిగెత్తి, నీళ్ళు తెచ్చి, స్టవ్వు మీద మరగపెట్టి, చల్లార్చి, చెంబుతో ఆవిడ చేతుల మీద పోశాను. బిడ్డ క్షేమంగానే పుట్టాడు. ఆ పనంతా అయ్యాకే నేను కిందికి దిగాను.

"కుళాయి గొట్టం మూసేశారా?"

"మూసేశాను. నట్టు పెట్టి బిగించాను."

"ఒక మాట చెప్పకుండానా?"

"చెప్తే ఒప్పుకుంటావా? ఎవరేం చెప్పినా వద్దనడమేగా నీకు అలవాటు."

"లోపల ఒక తల్లి ఉంది. మురికి చేతులతో ముట్టుకుంటే చచ్చిపోతుంది."

"బ్రేకు పడకపోతే లోపలున్న అందరూ చస్తారు" అని ముఖం తిప్పుకున్నాడు.

మర్నాటి పొద్దున ముల్లు ఎప్పటిలాగే కిందే ఉంది. కుళాయి మూసినా గాలి పోయింది. నేను ఆ పలకకేసి చూశాను, ఆయనకేసి చూశాను, ఏమీ అనలేదు. ఏమన్నా అని ఉంటే ఆయనకి అంత మంట పుట్టేది కాదేమో. "పంపు ముసలిదైపోయింది" అన్నాడు. కుళాయి నట్టు మాత్రం తియ్యలేదు.

శనివారం బందరు వెళ్ళాల్సింది మాని డాక్టరమ్మగారు బండిని గుడివాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడ చర్చి ఆవరణలో నీడకి పెట్టించి మా ఇద్దర్నీ పిలిచారు.

"గాలి ఎక్కడ పోతోందో కనుక్కోండి. ఇద్దరూ కలిసి. కనుక్కున్నదాకా బండి కదలదు" అన్నారు.

"అది నా పనండీ. సిస్టరుగారు ఎందుకు?" అన్నాడు ఆయన.

"చప్పుడు వినపడుతోందని ఆవిడంటోంది. లేదని నువ్వంటున్నావు. ఇద్దరిలో ఎవరు చెప్పింది నమ్మను?" అని ఆవిడ పాస్టరుగారింట్లో పడుకోవడానికి వెళ్ళిపోయారు. ఆవిడ పగలు పడుకోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

ఆయన ఇంజను వేసి టాంకీ నింపి ఆపేశాడు. బట్టలసబ్బు ముక్కలు చేసి గిన్నెలో నురగ కొట్టాను. గడ్డం గీసుకునే బ్రష్షు ఆయనదే ఇచ్చాడు, ఇస్తూ "పారెయ్యకు" అన్నాడు. పద్ధతి తేలికే. గొట్టం అతుకు మీద నురగ పూస్తే, గాలి కారేచోట బుడగ ఉబ్బుతుంది. కారని చోట నురగ ఊరికే జారిపోతుంది. ఆయన బండి కింద, నేను బండి లోపల. ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూడక్కర్లేని ఏర్పాటు.

మొదటి బుడగ నా వైపే దొరికింది. ఆయన కుళాయికి బిగించిన నట్టు తీయించాను, గాలి రాగానే పీపా దగ్గర అతుకు మీద నురగ పొంగింది. దాచుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఈలోగా ఆయనే తల లోపలికి పెట్టి చూశాడు. అంత సంతోషం ఆ మనిషి ముఖంలో అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"ఏది, చెప్పు. ఎవరి కుళాయి తాగుతోంది?"

"కనపడుతోందిగా. బిగించండి" అన్నాను.

పాడైన వాషరు తీసి కొత్తది వేసి బిగించాడు. బిగిస్తున్నంతసేపూ ఈలపాట పాడుతూనే ఉన్నాడు. అది అయ్యాక నేను మందుల బీరువా పక్కన చెవి పెట్టాను. సన్నగా, పాము కుబుసంలోంచి జారుతున్నట్టు చప్పుడు. "ఇక్కడ" అన్నాను. ఆయన వచ్చి తల అటూ ఇటూ వంచి, "ఏమీ లేదు" అన్నాడు. బీరువా జరపమన్నాను. కుదరదన్నాడు. నేనే సీసాలన్నీ దింపి, భుజంతో నెట్టి, సందులోకి బ్రష్షు దూర్చాను. శనగగింజలంత బుడగలు వరసగా లేచాయి. బీరువా గోడకి బిగించిన స్క్రూల్లో ఒకటి పొడుగెక్కువై అవతలున్న రాగి గొట్టాన్ని రాసుకుంటోంది. బండి కుదుపులకి అరిగి అరిగి బెజ్జం పడింది. ఆ స్క్రూ బిగించింది ఆయనే.

"బీరువా ఇక్కడ పెట్టమన్నది ఎవరు?" అన్నాడు.

"పెట్టమన్నాను. గొట్టానికి మేకు కొట్టమనలేదు."

ఆ తరవాత సాయంత్రందాకా అదే పని. ఆయన గొట్టం ఊడదీసి, గుడివాడలో మాటు వేయించుకొచ్చి, తిరిగి బిగించాడు. టాంకీ కింద నీళ్ళు వదిలే చిన్న కుళాయి కూడా కాస్త కారుతుంటే దాన్నీ సరిచేశాడు. తెల్లారి చూస్తే ముల్లు ఎర్రగీత పైనే నిలబడి ఉంది. డాక్టరమ్మగారు చూసి "మంచిది" అన్నారు. మా ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. గాలి కారిన మూడు చోట్లలో నావి ఎన్ని ఆయనవి ఎన్ని అన్న పోట్లాట తరవాత వారాల తరబడి నడిచింది.

అయితే మేము ఒకటి మర్చిపోయాం. గుడివాడలో వెతికినంతసేపూ బండి నిలబడి ఉంది, బ్రేకు మీద ఎవరి కాలూ లేదు. కాలేసినప్పుడు మాత్రమే గాలి వెళ్ళే గొట్టాలు కొన్ని ఉన్నాయి. వాటి మీద మేము నురగ పూసినా వాటిలో అప్పుడు గాలి లేదు.

క్రిస్మసుకి ముందు, దివిసీమలో వరికోతలు సాగుతున్న రోజుల్లో ఇది బయటపడింది. అవనిగడ్డ దాటి, నాగాయలంక వైపు ఒక ఊరి పక్కన కాలవగట్టు మీద బండి పెట్టాం. గట్టు ఎత్తు. దాని మీద దారి బండి పట్టేంత వెడల్పే. కొంత దూరం పోయాక దారి వాలుగా దిగి, కాలవ నీళ్ళు ఆపే లాకు దగ్గర వంతెన ఎక్కుతుంది. అక్కడ మలుపు. తప్పితే ఒకవైపు కాలవ, ఒకవైపు కోతకోసిన పొలంలోకి నిలువునా దొర్లడమే.

తెల్లవారుతూనే నులకమంచం మీద కడుపుతో ఉన్న ఒక మనిషిని మోసుకొచ్చారు. నెలలు నిండలేదు, రక్తం ఆగకుండా పోతోంది. మంచం నులక కింద కూడా తడిసింది. డాక్టరమ్మగారు చూసి నావైపు తిరిగి, "ఇక్కడ కాదు. ఆపరేషను చెయ్యాలి. బందరు" అన్నారు. సెలైను పెట్టాం. డ్రైవరు అప్పటికే ఇంజను వేశాడు. ముల్లు గీత దాటింది. భర్తని ముందు సీటులో కూర్చోమన్నారు. పాతికేళ్ళ కుర్రాడు, కోతల్లోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ళకి బురద.

బండి కదలలేదు.

నేను ముందుకెళ్ళి చూశాను. ఆయన బ్రేకు తొక్కుతున్నాడు, తొక్కినప్పుడల్లా ముల్లు జారుతోంది. నాలుగోసారి తొక్కేసరికి గీత కిందికి పడిపోయింది. ఆయన మళ్ళీ ఇంజను పెంచి, గాలి నింపి, మళ్ళీ తొక్కాడు. మళ్ళీ పడింది.

"నడిపించండి, ఆవిడకి టైము లేదు" అన్నాను.

"బ్రేకు లేదు."

"హేండు బ్రేకు ఉందిగా. మెల్లగా పోనివ్వండి."

"వాలులో ఇంత బరువుని హేండు బ్రేకు ఆపదు. నువ్వు తోలతావా? రా, కూర్చో."

కిందికి దిగి బండి కింద దూరాడు. కుర్రాడు కూడా దిగాడు. అతనికి బ్రేకు సంగతి తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు. లోపల భార్య తెల్లబడిపోతోంది, ఈ మనిషి నేలమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, మా ఆడమనిషి చచ్చిపోతుంటే నువ్వు అక్కడ పడుకుంటావేంటి? లేస్తావా, ఈడ్చమంటావా?" అని కాలు పట్టుకుని లాగాడు.

మోసుకొచ్చినవాళ్ళు కూడా చుట్టూ మూగారు. ఒకడు గట్టు మీద రాయి తీసుకున్నాడు. డాక్టరమ్మగారు తలుపు దగ్గరికొచ్చి అందరి మీంచి ఒకటే అడిగారు.

"పోగలమా?"

బండి కిందనుంచి సమాధానం వచ్చింది. "పోలేమండి. వంతెన దగ్గర ఆగదండి."

"అయితే బాగుచెయ్యి. ఎవరూ అతని జోలికి పోకండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన కుర్రాణ్ణి పిలిచి, "అరిచేబదులు ఎక్కి ఆ బ్రేకు తొక్కి పట్టుకో" అన్నాడు. కుర్రాడు తిట్టుకుంటూ ఎక్కి తొక్కాడు. నేను ముందు చక్రం పక్కన నిలబడి ఉన్నాను. తొక్కగానే బుసకొట్టినట్టు గాలి. నిలబడ్డదాన్ని నాకే స్పష్టంగా వినపడింది. డ్రైవరు సీటు కింద, ఆయన తలకి మూరెడు దూరంలో. ఆయన మాత్రం వెనక చక్రాల వైపు చేత్తో తడుముకుంటూ పోతున్నాడు.

"అటు కాదు, మీ తల దగ్గరే" అన్నాను.

"ఇక్కడేం లేదు."

"ఆ బుస వినపట్లేదా మీకు?"

 నేను వంగి ఆయన ముఖం చూశాను. ఆ ముఖంలో పొగరు లేదు. దొరికిపోయిన మనిషి ముఖం అది. బీరువా పక్కన తల అటూ ఇటూ వంచడం, చప్పుడే లేదని దెబ్బలాడటం, మాట్లాడితే ముఖం తిప్పుకోవడం, అన్నీ ఒక్కసారి నా ముందుకొచ్చాయి. ఆయన ముఖం తిప్పుకోలేదు ఎప్పుడూ. వినపడే కుడిచెవి ఇటు పెట్టేవాడు.

"వినపట్లేదు" అన్నాడు. "ఎక్కడో చూపించు."

సబ్బుగిన్నె తీసుకుని తెల్లచీరతో బండి కింద దూరాను. బ్రేకు అడుగున గొట్టం కలిసేచోట నురగ పెడితే గుప్పెడంత బుడగ లేచి పేలింది. ఆయన నట్టు విప్పాడు. లోపలి రబ్బరు వాషరు బిస్కట్టులా విరిగి చేతిలోకొచ్చింది. వేరే వాషరు లేదు. నేను లోపలికెళ్ళి వేడినీళ్ళ రబ్బరు సంచీ, కత్తెర తెచ్చాను. కత్తెర చూసి ఆయన చెయ్యి చాపితే ఇవ్వబుద్ధి కాలేదు.

"ఇవి కుట్లు కోసేవి. మొద్దుబారితే..."

"ఇస్తావా, మాట్లాడుతూ కూర్చుంటావా?"

ఇచ్చాను. సంచీ అడుగు మందంగా ఉంటుంది, అక్కడ పాత వాషరు పెట్టి చుట్టూ కోశాడు. మధ్య బెజ్జం కూడా కోసి, దూర్చి, బిగించాడు. కుర్రాణ్ణి మళ్ళీ తొక్కమన్నాడు. తొక్కి పట్టుకున్నాడు. ఆయన నావైపు చూశాడు, అడగడానికి నోరు రాలేదు. నేను నేలమీద చెంప ఆనించి విన్నాను.

"లేదు. ఆగిపోయింది" అన్నాను.

ఆ తరవాత ఆయన బండి తోలిన తీరుకి నేనేమీ వంక పెట్టలేను. వంతెన దగ్గర బ్రేకు పడింది, మలుపు తిరిగాం. కోతకూలీలు రోడ్డు పక్కకి దూకారు. పులిగడ్డ, చల్లపల్లి దాటి బందరు చేరేదాకా ఆయన ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు, మగబిడ్డ.

కొన్నాళ్ళకి ఆ కుర్రాడు ఊరి పెద్దని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. డ్రైవరు బండి కింద పడుకుని కావాలని ఆలస్యం చేశాడు, అందువల్లే బిడ్డ పోయాడు, ఆ మనిషిని తీసెయ్యాలి అని. పెద్ద డాక్టరుగారు మమ్మల్ని పిలిపించారు. వసారాలో పిలుపుకోసం ఎదురుచూస్తూ నేనూ ఆయనా బెంచీకి చెరో చివర కూర్చున్నాం.

"చెవుల సంగతి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

"నువ్వు చెప్తే నీకు సంతోషంగా ఉంటుందిగా."

"ఉంటుంది. అందుకే మిమ్మల్ని చెప్పమంటున్నాను."

లోపల కుర్రాడు చెప్పిందంతా ఆయన నిలబడి విన్నాడు. తరవాత తనే చెప్పాడు. "ఫిరంగుల దగ్గర పనిచేసినప్పుడు పోయిందండి. ఎడంచెవి బొత్తిగా పనిచెయ్యదు. కుడిచెవికి దగ్గరి మాటలు పడతాయి. సన్నచప్పుళ్ళు పడవు. ఉద్యోగం పోతుందని చెప్పలేదండి. గాలి కారే చప్పుడు నాకు వినపడి ఉంటే అది ముందే దొరికేది."

పెద్ద డాక్టరుగారు నన్ను అడిగారు. నేను ఉన్నది చెప్పాను. "చెవుల సంగతి దాచడం తప్పేనండి. బండి కదల్చకపోవడం మాత్రం తప్పు కాదు. ముల్లు నా కళ్ళతో చూశాను. పోనివ్వమని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా మాట విని ఉంటే ఆ తల్లి కూడా దక్కేది కాదు."

కుర్రాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీరూ మీరూ ఒకటే" అని బయటికి వెళ్ళిపోయాడు. అంతకంటే పెద్ద అబద్ధం మా గురించి ఎవరూ చెప్పలేదు. కానీ అతన్ని నేనేమీ అనుకోను. అతనికి ముల్లెందుకు, గొట్టమెందుకు? బిడ్డ పోయాడు. ఆ తరవాత ఆ ఊరివాళ్ళు చాలాకాలం మా బండి దగ్గరికి రాలేదు. గట్టు మీద బండి పెడితే పిల్లలు రాళ్ళు వేసేవాళ్ళు.

డ్రైవర్ని తీసేద్దామనే పెద్ద డాక్టరుగారు అనుకున్నారు. డాక్టరమ్మగారు ఒప్పుకోలేదు. "ఆ రోజు బండి ఆపగలిగినవాడు నాకు కావాలి. చెవులు కావాలంటే ఇంకొకళ్ళని పక్కన కూర్చోబెడదాం" అన్నారు. ఆ ఇంకొకళ్ళు ఎవరో అప్పటికి నాకు తట్టలేదు.

"నేను ఆయన పక్కన కూర్చోనండీ" అన్నాను తట్టాక.

"నాకూ వద్దండి" అన్నాడు ఆయన.

"ఇద్దరికీ ఒకటే మాట ఉండటం ఇదే మొదటిసారి" అని ఆవిడ కాగితాలు తీసుకుని లేచారు.

అలా నేను ముందు సీటుకి మారాను. ఆయన ఎడంచెవి నావైపు. వెనక లారీ హారను కొడితే నేను ఎదుటి చెక్కమీద తట్టాలి. ఒకసారి తడితే వెనక బండి, రెండుసార్లు తడితే ఏదో కారుతోంది అని ఏర్పాటు. మాటలు అక్కర్లేకపోవడం ఇద్దరికీ హాయిగానే ఉంది. గుడివాడ నుంచి బందరు దాకా ఒక్క మాట లేకుండా వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి. ఆయన నా టిఫిను డబ్బా వాసనకి కిటికీ దింపేవాడు. నేను ఆయన బీడీ పొగకి దగ్గు లేకపోయినా దగ్గేదాన్ని. ఆయన చెవిటి వైపు కూర్చోవడంలో నాకు ఒక సుఖం దొరికింది. గోతిలో బండి దించినా, పశువులకి హారను కొట్టకపోయినా, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని. మెల్లగా, పెదాల మధ్యే. మా అమ్మ వింటే నోట్లో కారం పోసేది.

ఇల్లుబండి ముసలిదైపోయింది. ఆసుపత్రివాళ్ళు దాన్ని అమ్మేసి జీపు కొన్నారు. జీపుకి గాలీ లేదు, మంచమూ లేదు. ఆయన కూడా అప్పుడే మానేశాడు, కొడుకు దగ్గరికి పామర్రు వెళ్తానన్నాడు. ఆఖరిరోజు బండి తాళం డాక్టరమ్మగారి చేతికిచ్చి, నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏదో మంచిమాట చెప్తాడేమో, నేనేం సమాధానం చెప్పాలా అని ఇబ్బంది పడ్డాను.

"సీటు ముందు అద్దం ఉంది చూశావా?" అన్నాడు.

"ఏ అద్దం?"

"వెనక వచ్చే బండ్లు కనపడటానికి పెట్టింది. అది కాస్త వంకర. అందులో రోడ్డుతోపాటు నీ నోరు కూడా కనపడుతుంది. చెవులు పోయినవాడు పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. నువ్వు అన్నవన్నీ నాకు తెలుసు."

 "మరి తెలిసీ ఒక్కరోజూ ఏమీ అనలేదే?" అన్నాను.

"అనకపోవడమేంటి? అంటూనే ఉన్నాను. ఇంజను చప్పుళ్ళో నీకు వినపళ్ళేదు."

అని చొక్కా పైగుండీ సర్దుకుని, గేటు దాటి, బస్టాండు వైపు నిటారుగా నడిచి వెళ్ళిపోయాడు.